హాఫ్ క్లచ్

ఎర్రమంచిలో తయారయ్యే కార్లలో ఒక రకం ఉంది. గేర్ రాడ్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. ఐఎమ్‌టీ అంటారు. గేర్లు మనమే మార్చుకోవాలి, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మామూలు గేర్ బండిలో లాగే. కానీ ఎడమకాలికి పని లేదు. రాడ్ మీద పడ్డ చెయ్యి ఇప్పుడు గేర్ మార్చబోతోందని ఒక సెన్సర్ కనిపెడుతుంది. దాని పేరు ఇంటెన్షన్ సెన్సర్. మన ఉద్దేశాన్ని పసిగట్టేది అన్నమాట! ఇంత గొప్ప పేరు పెట్టుకున్న పరికరం నాకు ఇంకోటి తెలీదు. అది కంట్రోల్ యూనిట్‌కి చెబుతుంది, కంట్రోల్ యూనిట్ హైడ్రాలిక్ యాక్చుయేటర్‌కి చెబుతుంది, అది క్లచ్‌ని విడదీస్తుంది. 2020 సెప్టెంబర్‌లో కియా సోనెట్ అమ్మకానికి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు కూడా వచ్చింది.

ఎర్రమంచి ఎక్కడో తెలియనివాళ్ళకి: బెంగళూరు నుంచి అనంతపురం వెళ్ళే 44వ నంబర్ జాతీయ రహదారి మీద, పెనుకొండ దగ్గర. 2017 ఏప్రిల్‌లో కియా రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. దాదాపు 536 ఎకరాలు, ఏడాదికి 3 లక్షల కార్లు చెయ్యగల ఫ్యాక్టరీ. ఇక్కడ తయారైన మొదటి మోడల్ సెల్టోస్ 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు కనబడితే ఎవరూ ఆగి చూడరు. అంతకు ముందు ఈ చుట్టుపక్కలంతా వాన పడితే చెనిక్కాయ, పడకపోతే ఏమీ లేదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ చేల మధ్య మట్టిరోడ్ల మీదే, నాయన కొన్న సెకండ్ హ్యాండ్ మారుతి 800లో.

సరే, క్లచ్ తీసేసినవాళ్ళు గేర్ రాడ్‌ని ఎందుకు ఉంచారు? పూర్తి ఆటోమేటిక్ కంటే తక్కువ ధరకి ఇవ్వొచ్చు, అదొక కారణం. రెండోది ఇంకా ఆసక్తికరం. ‘బండి నేనే నడుపుతున్నాను’ అన్న భావం చేతిలో ఉంటుంది, శ్రమ కాలిలో ఉంటుంది. భావం ఉంచి శ్రమ తీసేశారు. నా ఇంజినీరింగ్ బుర్రకి ఇది చాలా తెలివైన పని అనిపిస్తుంది. బండి ప్రేమికులకి మాత్రం మోసంలాగా కనబడుతుంది. వీళ్ళిద్దరిలో ఎవరిది న్యాయమో తేల్చుకోవాలంటే, అసలా పెడల్ కింద ఏముందో చూడాలి.

మన వయసువాళ్ళు మొదటి కారు గురించి చెప్పుకునే ముచ్చట్లు గమనించండి. దాదాపు అన్నీ క్లచ్ కథలే. సిగ్నల్ దగ్గర బండి ఆఫ్ అయింది, వెనకాల లారీవాడు హారన్ కొట్టాడు, మిట్ట మీద బండి వెనక్కి జారింది, ప్లేట్ కాలిన వాసనొచ్చింది, మామయ్య తిట్టాడు. స్టీరింగ్ తిప్పడం నేర్చుకున్న రోజు గురించి ఎవరూ మురిపెంగా చెప్పరు. బ్రేక్ గురించి అసలే చెప్పరు. ఆ రోజుల్లో ఏడిపించిన పెడలే ఇప్పుడు తియ్యగా ఉంది. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు, జ్ఞాపకాలకి లెక్కలు అడగకూడదు. కానీ చాలామంది అక్కడ ఆగరు. “గేర్ బండి నేర్చుకోనివాడికి డ్రైవింగ్ రానట్టే” అంటారు. అప్పుడది జ్ఞాపకం కాదు, తీర్పు. తీర్పుకి లెక్క అడగొచ్చు.

ముందు ఆ తీర్పు పక్షాన చెప్పగలిగినంత చెబుతాను, ఎందుకంటే నాలో సగం ఆ పక్షమే.

బండి నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు తిరగట్లేదు. తిరిగేదాన్నీ తిరగనిదాన్నీ ఒక్కసారిగా కలిపితే ఇంజిన్ చచ్చిపోతుంది. కలపకపోతే బండి కదలదు. మధ్యలో ఒక చోటు ఉంది. అక్కడ రెండు బిళ్ళలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, జారుతూ, మెల్లగా ఒకే వేగానికి వస్తాయి. దాన్నే హాఫ్ క్లచ్ అంటాం. ఆ చోటు ఏ రెండు బండ్లలోనూ ఒకటి కాదు. ఒకే బండిలో కూడా ప్లేట్ అరిగేకొద్దీ మారుతుంది. ఎక్కడుందో మాటల్లో చెప్పలేం. నాయన ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి, ఏదైనా మూడు మెట్లలో వివరించగలడు. ఆయన కూడా ఇక్కడికొచ్చేసరికి “ఇడువు... ఇడువు... ఇంగా కొంచెం ఇడువు... ఆఁ! ఆడ నిలుపు” అనేవాడు. ఎక్కడ? ఆడ. అంతే పాఠం.

హ్యూబర్ట్ డ్రైఫస్, స్టూవర్ట్ డ్రైఫస్ అని అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్ళు, ఒకాయన తత్వవేత్త, ఇంకొకాయన గణిత పద్ధతుల్లో పనిచేసిన ఇంజినీర్. మనిషి ఒక విద్యలో ఎలా ఆరితేరతాడో అయిదు దశలుగా చెప్పారు. 1986లో వచ్చిన వాళ్ళ ‘మైండ్ ఓవర్ మెషీన్’ పుస్తకంలో వాళ్ళు వాడిన ఉదాహరణల్లో ఒకటి గేర్లు మార్చడమే. కొత్తగా నేర్చుకునేవాడు స్పీడోమీటర్ చూసి ఇన్ని మైళ్ళు దాటాక ఈ గేర్ అని నియమం ప్రకారం మారుస్తాడు. కొంచెం అలవాటయ్యాక ఇంజిన్ చప్పుడు విని మారుస్తాడు. చివరికి చేరేసరికి మారుస్తున్నానని కూడా తెలీకుండా మారుస్తాడు. నియమాలు మరిచిపోవడమే నైపుణ్యం అన్నది వాళ్ళ వాదం. దీన్ని ఊరికే చెప్పలేదు. అప్పట్లో కృత్రిమ మేధ అంటే నియమాల చిట్టా రాసి కంప్యూటర్‌కి ఇవ్వడం. అది ఎక్కడిదాకా పోగలదో, ఎక్కడ ఆగిపోతుందో చూపించడానికి చెప్పారు.

ఐరిస్ మర్డాక్ మాట కూడా ఒకటి కలుపుతాను. 1970లో వచ్చిన ‘ది సావరెన్టీ ఆఫ్ గుడ్’లో ఆమె రష్యన్ భాష నేర్చుకోవడం గురించి రాస్తుంది. కొత్త భాష నేర్చుకునేటప్పుడు మనకి సంబంధం లేకుండా, మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా ఉన్న ఒకదాని ముందు నిలబడతాం. దానికి తల వంచాలి. ఆ వంచడంలో ఒక నీతి ఉందని ఆమె ఉద్దేశం. నాకు ఇది చదివినప్పుడు రష్యన్ కంటే మారుతి 800 ముందు గుర్తొచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. ఆ ఇంజిన్‌కి నా ఎంసెట్ ర్యాంకుతో పని లేదు, నాయన పలుకుబడితో పని లేదు. సరిగ్గా వదిలితే కదులుతుంది, లేకపోతే కదలదు. పద్దెనిమిదేళ్ళవాడికి అంత నిష్పక్షపాతంగా ఎవరూ జవాబు చెప్పరు.

ఇదీ ఆ పక్షం. బలమైనదే. కానీ దీన్ని మోసుకుంటూ కొంచెం వెనక్కి నడిస్తే కాళ్ళు తడబడతాయి.

నాయన స్నేహితుడొకాయన పాత టాటా లారీలు తోలినవాడు. ఆ గేర్‌బాక్సుల్లో ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి వెళ్ళాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఒకసారి తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, దిగువ గేర్‌కి పోయేటట్టయితే యాక్సిలరేటర్‌తో ఇంజిన్ వేగాన్ని సరిచేసి, మళ్ళీ తొక్కి గేర్ వెయ్యాలి. డబుల్ క్లచ్. తప్పితే పళ్ళు కొరికిన చప్పుడొస్తుంది. ఆయన దృష్టిలో నాయనకీ నాకూ డ్రైవింగ్ రాదు. “మీది బండి చేస్తాది, మీరు కూచుంటారు” అనేవాడు. ఆయన అన్నది నిజమే. మా కార్లలో ఆ రెండో తొక్కుడు అవసరం లేకుండా చేసింది సింక్రోమెష్ అనే ఏర్పాటు. కాడిలాక్ కార్లలో మొదటిసారి 1928లో వచ్చింది. అంతకు ముందు 1912 కాడిలాక్‌లో విద్యుత్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అది రాకముందు ముందుకెళ్ళి ఇనుప హ్యాండిల్ తిప్పి ఇంజిన్ లేపాలి, అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. ఆ హ్యాండిల్ తిప్పినవాడు సెల్ఫ్ కొట్టేవాణ్ణి చూసి ఏమనుకుని ఉంటాడో ఊహించుకోవచ్చు.

అంటే ‘నిజమైన డ్రైవింగ్’ ఎప్పుడూ చెప్పేవాడు నేర్చుకున్న సంవత్సరంలోనే ఆగి ఉంటుంది. కష్టమే కొలత అయితే నేను కూడా ఓడిపోయినట్టే, లారీ పెద్దాయన ముందు. అందుకని కష్టం కొలత కాకూడదు. మర్డాక్ చెప్పినది కూడా కష్టం గురించి కాదు, శ్రద్ధ గురించి. ఈ రెండూ ఒకదాన్నొకటి అంటుకుని రావడం వల్ల మనం ఒకటే అనుకుంటాం.

ఇక్కడ ఇంకో పక్క నుంచి ధర్మవరం అడ్డొస్తుంది, తప్పించుకోలేను. మా దగ్గర కాళ్ళతో చేసే విద్య అంటే ముందు గుర్తొచ్చేది కారు కాదు, మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కుతూ పట్టుచీర నేస్తారు. ఆ విద్యని యంత్రం నుంచి కాపాడ్డానికి పార్లమెంటు 1985లో ఒక చట్టమే చేసింది. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నెయ్యాలి, పట్టుచీర వాటిలో ఒకటి. అయినా మరమగ్గాల మీద అవే చీరలు దిగుతున్నాయన్నది ధర్మవరం నేతగాళ్ళ పాత ఫిర్యాదు. మరి కష్టం కొలత కాదన్నవాణ్ణి మగ్గం దగ్గర ఏమంటాను? అక్కడ కష్టం కూలి. దాన్ని తీసేస్తే కూడు పోతుంది. నేతగాడు “ఇది చేతితోనే జరగాలి” అంటే అది హక్కు గురించి మాట. నేను “ఇది కాలితోనే జరగాలి” అంటే మురిపెం గురించి మాట. రెండిటినీ ఒకే గొంతుతో అనకూడదు. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో రోజుకి పది గంటలు క్లచ్ తొక్కే క్యాబ్ డ్రైవర్‌ని అడగండి, హాఫ్ క్లచ్ తత్వం గురించి ఏమంటాడో. మోకాలు చూపిస్తాడు.

నా వృత్తి గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ఐఎమ్‌టీలో క్లచ్ మాయం కాలేదు. అదే ప్లేట్, అదే రాపిడి. పెడల్ ఒక్కటే పోయింది. మన కాలు చేసే పని ఇప్పుడు కోడ్ చేస్తోంది, నాలాంటివాడెవడో ఏసీ గదిలో కూర్చుని రాసిన కోడ్. అది కూడా “ఇడువు... ఇడువు... ఆడ నిలుపు” అనే అంటుంది, సెకనుకి ఎన్నోసార్లు, సెన్సర్ అంకెలు చూసుకుంటూ. డ్రైఫస్ అన్నదమ్ములు యంత్రానికి రాదన్న విద్యలో ఒక ముక్క యంత్రానికి వచ్చినట్టే కనబడుతుంది. కానీ మనకి వచ్చిన దారిలో రాలేదు. నా కాలికి భయం ఉండేది, పక్కన నాయన ఉండేవాడు, వెనక అమ్మ ఉండేది.

అవును, వెనక అమ్మ. ఇన్నాళ్ళూ ఈ జ్ఞాపకాన్ని ఎన్నోసార్లు చెప్పుకున్నాను గానీ వెనక సీటు గురించి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకునేవాళ్ళెవరూ చెప్పరనుకుంటా. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం వెళ్ళేవాళ్ళం. ముందు నేనూ నాయనా. వెనక అమ్మ, నీళ్ళ సీసా, మరమరాల పొట్లం. బండి ఆఫ్ అయినప్పుడల్లా ముగ్గురి తలలూ ఒకేసారి ముందుకి ఊగేవి. రెండు నెలలు సాగింది ఆ చదువు. తర్వాత క్లచ్ ప్లేట్ మార్పించాల్సొచ్చింది, నాయన ఆ డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. నాకు అందిన విద్యలో అసలు విలువైనది అదే అనిపిస్తుంది ఇప్పుడు. ఒక మనిషి తన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఖరీదైన వస్తువుని నేను పాడుచెయ్యడానికి ఇచ్చాడు, పక్కన కూర్చుని చూశాడు.

ఆ ఓపిక వెనక సీటుకి అందలేదు. ఎందుకని ఎవరినడిగినా జవాబు సిద్ధంగా ఉండేది: ఆడోళ్ళకి క్లచ్ కష్టం.

మా ఇంట్లో అప్పటికే ఇరవై ఏళ్ళుగా ఒక తొక్కుడు కుట్టుమిషన్ ఉంది. అమ్మ దాని మీద వీధి మొత్తానికి జాకెట్లు కుట్టేది. కుట్టుమిషన్ తొక్కడం చూశారా ఎప్పుడైనా? మెడ దగ్గర వంపు వచ్చినప్పుడు కాలు ఒక్క కుట్టు వేసేంత మాత్రమే కదలాలి. ఎక్కువైతే సూది విరుగుతుంది, బట్ట పోతుంది, అవతలామెకి జవాబు చెప్పాలి. నేరుగా ఉన్నచోట గుర్రంలా ఉరకాలి. చక్రం వెనక్కి తిరక్కుండా మొదలుపెట్టడం ఒక విద్య. ఆమె కాలు చూసుకునేది కాదు, మాట్లాడుతూ తొక్కేది. డ్రైఫస్‌ల లెక్కలో అయిదో దశ. పెనుకొండలో హాఫ్ క్లచ్ అందరికంటే ముందు పట్టుబడాల్సిన కాలు అది.

కాబట్టి క్లచ్ శ్రద్ధని నేర్పుతుందన్న మాట నిజమే గానీ, శ్రద్ధకి క్లచ్ ఒక్కటే దారి అన్నది ఎప్పుడూ నిజం కాదు. ఇంకో మాట కూడా. మనం గుర్తు చేసుకుని మురిసే ఆ కష్టం, నేర్చుకున్నవాళ్ళకి గురువైతే నేర్పబడనివాళ్ళకి గేటు. ఒకే పెడల్. ఎటువైపు నిలబడ్డామన్నదాన్ని బట్టి కథ మారుతుంది. ఇంగ్లండులో ఆటోమేటిక్ బండి మీద పరీక్ష పాసైతే ఆటోమేటిక్ నడపడానికే లైసెన్సు, గేర్ బండి ముట్టుకోకూడదు. అక్కడ గేటు కాగితం మీద ఉంది, ఏం చేస్తే దాటొచ్చో కూడా రాసి ఉంది. మా ఇంట్లో ఎక్కడా రాసి లేదు, కాబట్టి దాటడానికి అర్జీ పెట్టుకునే చోటు కూడా లేదు.

అమ్మ యాభై ఏడో ఏట నేర్చుకుంది, ఆటోమేటిక్ మీద. హిందూపురంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరి మూడు వారాల్లో. నాయన ముందు నవ్వాడు, తర్వాత వాదించాడు. గేర్ లేకుండా నడిపేది డ్రైవింగే కాదు, ఎద్దుల్లేని బండి మీద కూచోడమే అన్నాడు. ముందు 800 మీద నేర్చుకో, ఆ తర్వాత ఏదైనా నడపొచ్చు, నేనే నేర్పిస్తా అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను విన్నాను. పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చింది, అంతే.

అమ్మ జవాబు నాకు ఇప్పటికీ మర్డాక్ కంటే బరువుగా తోస్తుంది. “నాకు ఆస్పత్రికి పోవల్ల, పెండ్లిండ్లకు పోవల్ల, మా చెల్లెలింటికి పోవల్ల. క్లచ్ కాడికి పోయేది లేదు” అంది.

దీన్నుంచి సౌకర్యమే గొప్పది అని తేల్చెయ్యలేను. నా కాలికి తెలిసినదాన్ని వదులుకోవాలని నాకు లేదు. అర్ధరాత్రి ఎవరూ లేని హైవే మీద మూడు నుంచి నాలుగుకి వేసినప్పుడు కలిగే తృప్తి అబద్ధం కాదు. రేపు మా పాప అడిగితే, గేర్ బండ్లు అప్పటికి మిగిలి ఉంటే, నేర్పుతాను. అడగకపోతే బలవంతపెట్టను. ఆటోమేటిక్ నేర్చుకుంటానన్నా అన్ని ఆదివారాలూ ఇస్తాను, పక్కన కూర్చుంటాను. ఆ ఆదివారాల ఖరీదు ఏ గేర్‌బాక్సులోనైనా ఒకటే.

నాయనకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎడమ మోకాలు అరిగింది, డాక్టరు క్లచ్ తొక్కొద్దన్నాడు. 800 రేకుల షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంది. ఎక్కడికి వెళ్ళాలన్నా అమ్మే నడుపుతుంది, ఎర్రమంచిలో తయారైన ఆటోమేటిక్. ఆయన పక్కన కూర్చుంటాడు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా, బండి నెమ్మదించగానే, ఆయన ఎడమకాలు నేల మీది మ్యాట్‌ని నొక్కుతుంది, మళ్ళీ మెల్లగా వదులుతుంది. మొన్న ఫ్యాక్టరీ గేటు దాటుతుంటే అమ్మ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే అంది: “యాడ తొక్కుతాండావు? ఆడేం లేదు.”

“నీకు తెల్దులే” అన్నాడాయన, కాలు తియ్యకుండా.